గోలీలు లేకుండా బీపీ – మూడో పాఠం: ఇంటి ఉప్పు లెక్క

పోయిన పాఠంలో బీపీ ఎట్ల చూసుకోవాలో నేర్చుకున్నాం కదా, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా. ఆ నంబర్లు రాసిన నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. ఈసారి వంటింట్లో పని.

ఉప్పు తగ్గించమని ప్రతి దవాఖానలో చెప్తారు. ఇప్పుడు ఎంత తింటున్నామో తెలియకపోతే ఎంత తగ్గించాలో ఎట్ల తెలుస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు పెట్టిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, అదీ కూర, తొక్కు, బిస్కెట్ అన్నీ కలిపి.

లెక్క ఇట్ల తీయండి. కొత్త ప్యాకెట్ విప్పిన రోజు దాని మీదే పెన్నుతో తారీఖు రాయండి, అయిపోయిన రోజు మళ్లీ రాయండి. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు 25 రోజులకే అయిపోతే రోజుకు 40 గ్రాములు, మనిషికి 10, అంటే హద్దుకు రెండింతలు. అదే కిలో కనీసం 50 రోజులు రావాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పెద్దవాళ్ల వాటా ఇంకా ఎక్కువే అనుకోండి.

ఎండకాలంలో పెట్టిన మామిడికాయ తొక్కు ఈ లెక్కలోకి రాదు, దాన్ని వేరే చూడాలి. జాడీలో కిలో ఉప్పు పోసి నలుగురు ఏడాదంతా తిన్నారంటే మనిషికి రోజుకు ఇంకో 0.7 గ్రాము. రోజూ రెండు పూటలా తొక్కేసుకునే మనిషికి అందులో ఎక్కువ వాటా పోతుంది, సాధారణంగా బీపీ ఉన్నదీ ఆ పెద్దమనిషికే. ఇక కొనుక్కొచ్చేవి: మిక్చర్, బ్రెడ్డు, అప్పడాలు. ప్యాకెట్ వెనక సోడియం ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 400 ఉంటే గ్రాము ఉప్పు. మిర్చి బజ్జీలో వేసే వంటసోడా కూడా సోడియమే.

ఇదంతా ఎందుకంటే, ఒంట్లో సోడియం పెరిగితే దాన్ని పలుచన చేయడానికి నీళ్లు నిలుస్తాయి, రక్తనాళాల్లో తిరిగే రక్తం పెరిగి గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. కిడ్నీలు ఆ సోడియంను బయటికి పంపడానికి కష్టపడాల్సి వస్తుంది. 2001లో అమెరికాలో వచ్చిన డాష్ ప్రయోగంలో ఉప్పు బాగా తగ్గించి, కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు పెంచితే, బీపీ ఉన్నవాళ్లలో పై నంబరు (120/80 అని రాస్తే అందులో 120) సగటున 11 పాయింట్లు పడింది. ఒక గోలీ చేసే పని ఇది!

ఒక్కసారిగా తగ్గించకండి, ఇంట్లో గొడవలవుతాయి. ముందు పావు వంతు తగ్గించి రెండు మూడు వారాలు అట్లనే తినండి, నాలుక అలవాటు పడ్డాక ఇంకో పావు. పచ్చిపులుసులో ఉప్పు తక్కువైనా పులుపు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కాపాడతాయి. కూరలో ఎల్లిపాయ, నువ్వుల పొడి పెంచండి, జొన్న రొట్టె పిండిలో ఉప్పు మానేయండి. మంచిదని చెప్పి సైంధవ లవణం కొంటున్నారు చాలామంది, అందులోనూ ఉండేది సోడియమే, డబ్బులు వృథా. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది కాబట్టి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీ గోలీలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా: ఇప్పటికే గోలీలు వాడేవాళ్లు ఈ పాఠం చదివి మానేయకండి. నంబర్లు తగ్గితే నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోండి, మోతాదు ఆయనే చూస్తారు. పై నంబరు 180 దాటి, ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఉప్పు లెక్కలు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇంటిపని: ఈ రోజే ఉప్పు ప్యాకెట్ మీద తారీఖు రాయండి, సగం వాడిన ప్యాకెట్ అయితే తూకం వేసి ఆ బరువూ రాయండి. వారం తర్వాత మళ్లీ తూకం వేసి మనిషికి ఎన్ని గ్రాములో నోట్‌బుక్‌లో బీపీ పక్కనే రాసుకోండి. వచ్చే పాఠానికి ఆ అంకె కావాలి, నడక మొదలుపెట్టేది దాంతోనే, వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీదైనా, మీ ఊరి చెరువు కట్ట మీదైనా.