ముందు హ్యాండ్‌హెల్డ్‌లో, తర్వాత టీవీ మీద: గేమ్‌ను ఈ వరుసలో రిలీజ్ చేసేవాళ్ల కోసం

గేమ్‌ను ముందు హ్యాండ్‌హెల్డ్‌లో, అంటే చేత్తో పట్టుకుని ఆడే మెషిన్‌లో రిలీజ్ చేసి, కొన్నాళ్లు ఆగి టీవీకి తగిలించే హోమ్ కన్సోల్‌కి తేవాలనుకుంటున్నారా? మంచి ఆలోచనే. ఒకేసారి నాలుగు రకాల మెషిన్ల మీద టెస్టింగ్ పెట్టుకునే డబ్బు, ఓపిక చిన్న టీమ్‌కి ఉండవు, పైగా మొదటి రిలీజ్‌లో ఆడినవాళ్లు పట్టుకున్న బగ్గులు రెండో రిలీజ్ నాటికి చాలావరకు సర్దుకుంటాయి. అయితే చాలామంది పప్పులో కాలేసేది ఒక్కచోట. టీవీ వెర్షన్ తర్వాతే కదా, దాని సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. రిలీజ్ ఎంత ఆలస్యంగా చేసినా పర్లేదు, దానికి సంబంధించిన నిర్ణయాలు మాత్రం మొదట్లోనే, ఇంకా పది సీన్లు కూడా తయారవ్వకముందే తీసేసుకోవాలి.

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది గ్యాప్

ఈ దారిలో ఇప్పటికే చాలా గేమ్‌లు నడిచాయి, వాటి తేదీలు చూస్తేనే బోలెడు అర్థమవుతుంది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో: లిబర్టీ సిటీ స్టోరీస్ 2005 అక్టోబర్‌లో సోనీ హ్యాండ్‌హెల్డ్ పీఎస్‌పీలో వచ్చి, 2006 జూన్‌లో హోమ్ కన్సోల్ పీఎస్2కి వెళ్లింది. రెసిడెంట్ ఈవిల్ రెవెలేషన్స్ 2012 మొదట్లో నింటెండో హ్యాండ్‌హెల్డ్ 3డీఎస్‌లో వస్తే, హోమ్ కన్సోళ్లకి 2013 మేలో వచ్చింది. సూపర్ స్మాష్ బ్రదర్స్ అయితే అమెరికాలో 3డీఎస్‌కి 2014 అక్టోబర్ 3న, నింటెండో హోమ్ కన్సోల్ వీ యూకి నవంబర్ 21న వచ్చింది, అంటే ఏడు వారాల తేడా అంతే. మాన్‌స్టర్ హంటర్ రైజ్ 2021 మార్చిలో నింటెండో స్విచ్‌లో మొదలై, ప్లేస్టేషన్‌కి, ఎక్స్‌బాక్స్‌కి 2023 జనవరిలో చేరింది.

వారాల్లో ఉండే గ్యాప్‌కి, సంవత్సరాల్లో ఉండే గ్యాప్‌కి పని తీరే వేరు. కొన్ని వారాలే అనుకుంటే మీరు రెండు వెర్షన్లూ పక్కపక్కనే కడుతున్నట్టు లెక్క, అందుకు మనుషులు కావాలి. ఏడాది దాటితే ఒక్క టీమే రెండూ చేసుకోవచ్చు, కానీ అప్పటికి గేమ్ పాతబడిపోతుంది కాబట్టి ఏదో ఒకటి కొత్తగా చేర్చక తప్పదు. రెవెలేషన్స్‌కి హోమ్ కన్సోళ్లలో ఇన్ఫెర్నల్ అనే కష్టమైన మోడ్ చేర్చారు. నన్నడిగితే చిన్న టీమ్‌కి ఆరు నుంచి పన్నెండు నెలలు సరిపోతుంది: మొదటి రిలీజ్ ప్యాచ్‌ల (బగ్గులు సరిచేసే అప్‌డేట్‌ల) గొడవ సద్దుమణిగే టైమ్ దొరుకుతుంది, జనం ఇంకా పేరు మర్చిపోరు.

ఇంకో మాట. హ్యాండ్‌హెల్డ్ అంటే ఇప్పుడు ఏ మెషిన్? స్విచ్ చేతిలోనూ ఆడుతుంది, డాక్‌లో (టీవీకి కలిపే స్టాండ్‌లో) పెడితే టీవీ మీదా ఆడుతుంది, కాబట్టి అక్కడ మొదటి రోజే మీ టీవీ వెర్షన్ సగం బయటికి వచ్చేసినట్టే. స్విచ్ లైట్ మాత్రం టీవీకి తగలదు. వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్ లోపల ఉన్నది పీసీ, అందుకని దాని కోసం చేసిన గేమ్‌ని మిగతా పీసీ వాళ్లు కూడా అదే రోజు కొంటారు. ఈ తేడాని ప్లాన్‌లో రాసి పెట్టుకోండి.

తెర, అక్షరాలు

అందరూ ముందు గ్రాఫిక్స్ గురించి టెన్షన్ పడతారు, నిజానికి ముందు తగిలే దెబ్బ అక్షరాల దగ్గర. స్టీమ్ డెక్ తెర 1280x800. గేమ్ డెక్‌లో బాగా నడుస్తుందని వాల్వ్ ఇచ్చే డెక్ వెరిఫైడ్ గుర్తు కావాలంటే ఆ రిజల్యూషన్‌లో అతి చిన్న అక్షరం కూడా 9 పిక్సెల్స్ ఎత్తు కంటే తగ్గకూడదు. అది కనీసం మాత్రమే, కళ్లు నొప్పి పుట్టకుండా చదవాలంటే 12 దాటించండి. తెలుగులాంటి లిపి పెడుతున్నారంటే ఇంకా పెంచాలి, ఒత్తులూ గుణింతాలూ పైనా కిందా చోటు తింటాయి, చిన్న సైజులో ముద్దయిపోతాయి.

ఇందులో సంతోషించాల్సిన విషయం ఒకటుంది. ఏడంగుళాల తెర వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు, దాన్ని 35 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. యాభై అంగుళాల టీవీ వెడల్పు సుమారు 110 సెంటీమీటర్లు, దాన్ని రెండున్నర మీటర్ల దూరం నుంచి చూస్తాం. భాగించి చూడండి, కంటికి రెండూ దాదాపు ఒకే వెడల్పులో కనిపిస్తాయి! అంటే చేతిలో హాయిగా చదవగలిగేలా పెట్టిన మెనూ సోఫాలో కూర్చున్నవాళ్లకి కూడా బాగానే ఉంటుంది. మానిటర్ ముందు కూర్చుని డిజైన్ చేసిన మెనూకే రెండు చోట్లా తిప్పలు. అందుకే డెవలప్‌మెంట్ మొదటి వారం నుంచే రోజూ ఒకసారైనా బిల్డ్‌ని (అప్పటికి తయారైన గేమ్‌ని) అసలు మెషిన్‌లో వేసి, చేత్తో పట్టుకుని చూడండి.

పిక్సెల్ ఆర్ట్ గేమ్ అయితే 640x360ని బేస్‌గా తీసుకోండి. రెండు రెట్లు చేస్తే 720పీ, మూడు రెట్లకి 1080పీ, ఆరు రెట్లకి 4కే, ఎక్కడా పిక్సెల్ సాగదు. డెక్‌లో మాత్రం పైనా కిందా చెరో 40 పిక్సెల్స్ మిగులుతాయి, అక్కడ నల్ల పట్టీ వదిలేస్తారో, సీన్‌ని కాస్త పొడిగిస్తారో మీ ఇష్టం. టీవీలు కొన్ని అంచుల్ని కోసేస్తాయి కాబట్టి హెల్త్ బార్, మ్యాప్ లాంటివాటి చుట్టూ అయిదు శాతం ఖాళీ ఇప్పుడే వదిలేయండి, తర్వాత మార్చాలంటే ప్రతి స్క్రీనూ తిరగేయాల్సి వస్తుంది.

ఫ్రేమ్ రేట్‌కి గేమ్ లాజిక్‌ని కట్టేయొద్దు

చేతిలో మెషిన్ బ్యాటరీ మీద నడుస్తుంది, వేడెక్కుతుంది, అందుకని చాలా గేమ్‌లు అక్కడ సెకనుకి 30 ఫ్రేమ్స్ (తెర మీద గీసే బొమ్మలు) దగ్గర ఆగుతాయి. డెక్ ఎల్‌సీడీ మోడల్ లాంటి వాటిలో రిఫ్రెష్ రేట్‌ని (తెర సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో దాన్ని) 40కి దించుకుని 40 ఫ్రేమ్స్‌తో ఆడొచ్చు, అది ఇంకా మంచి రాజీ. ఎందుకంటే 30లో ఒక్కో ఫ్రేమ్‌కి 33 మిల్లీసెకన్లు, 60లో 16.7, సరిగ్గా వాటి నడుమ 25 మిల్లీసెకన్ల దగ్గర కూర్చునేది 40. కానీ మీ పాత్ర దూకడం, శత్రువుల కదలిక, దెబ్బ తగిలే లెక్క ఇవన్నీ 'ప్రతి ఫ్రేమ్‌కి ఇంత' అని రాసేస్తే, రేపు టీవీ మీద 60కి వెళ్లగానే గేమంతా రెట్టింపు వేగంతో పరిగెడుతుంది. అప్పుడు దాన్ని సరిచేయడమంటే ప్రతి జంపూ, ప్రతి బాస్ ఫైటూ మళ్లీ ట్యూన్ చేయడమే. సిమ్యులేషన్‌ని (గేమ్ లోపలి లెక్కల్ని) ఫిక్స్‌డ్ టైమ్‌స్టెప్ మీద, అంటే ఎప్పుడూ ఒకే కాల వ్యవధితో నడపండి, తెర మీద గీసే పని వేరుగా పెట్టండి, రెండు లెక్కల మధ్య స్థానాల్ని అంచనా వేసే ఇంటర్‌పొలేషన్ వాడండి. మొదట్లో రెండు రోజుల పని, చివర్లో అయితే నెలల పని. యానిమేషన్లలో, కెమెరా షేక్‌లో, పార్టికల్స్‌లో కూడా ఇదే తప్పు దాక్కుని ఉంటుంది, అందుకే హ్యాండ్‌హెల్డ్ బిల్డ్‌నే వారానికోసారి పీసీలో 60, 120 ఫ్రేమ్స్ దగ్గర నడిపి చూస్తూ ఉండండి.

ఆర్ట్ విషయంలో సూత్రం సింపుల్: పెద్దగా తయారుచేసి, చిన్నదిగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒరిజినల్ టెక్స్చర్లు, మోడళ్లు, కంప్రెస్ చేయని ఆడియో అన్నీ భద్రంగా దాచండి. టీవీ వెర్షన్ అప్పుడు మళ్లీ గీయనక్కర్లేదు, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు.

మెమరీ మాత్రం డిజైన్‌నే మార్చేస్తుంది. స్మాష్ బ్రదర్స్ డైరెక్టర్ సకురాయ్ రెండు వెర్షన్లలోనూ ఒకే పాత్రలు ఉండాలని పట్టుబట్టారు, ఐస్ క్లైంబర్స్ అనే జంట పాత్ర 3డీఎస్ శక్తికి అందలేదు, దాంతో వీ యూలో నడవగలిగినా అక్కడా తీసేశారు. ఆ జంట మళ్లీ కనిపించింది 2018లో, స్విచ్ గేమ్‌లోనే. చిన్న మెషిన్ మొయ్యలేనిది పెద్ద వెర్షన్‌లోనూ లేకుండా పోవచ్చని ఒప్పుకుంటారా, లేక రెండిటినీ వేరు చేస్తారా, అది ముందే ఎంచుకోవాలి. నా ఓటు సకురాయ్ వైపే. రెండు వెర్షన్లలో ఆట నియమాలు వేరైతే ఆన్‌లైన్ మ్యాచ్‌లూ, సేవ్ ఫైళ్లూ, గైడ్‌లూ అన్నీ చీలిపోతాయి.

కంట్రోల్స్ సంగతి

టచ్, జైరో (మెషిన్‌ని వంచి ఆడటం), రెండో తెర, ఇవన్నీ హ్యాండ్‌హెల్డ్‌లో ఊరిస్తాయి. వాడండి, కానీ ఆ ఒక్క పద్ధతిలోనే జరిగే పని గేమ్‌లో ఎక్కడైనా ఉందేమో ఒక జాబితా రాసుకోండి. సోనీ హ్యాండ్‌హెల్డ్ వీటా కోసం 2013లో చేసిన టియర్అవే గేమ్‌లో వెనక టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే అది గేమ్ లోకంలోకి పొడుచుకొస్తుంది, ఆట ప్రాణమే అది. 2015లో పీఎస్4కి తెచ్చినప్పుడు కంట్రోలర్ లైట్ బార్‌తో లోకంలోకి వెలుగు వేసేలా చాలావరకు కొత్తగా ఆలోచించారు, పేరు కూడా టియర్అవే అన్‌ఫోల్డెడ్ అని మార్చారు. అంత పని మీ టీమ్ చేయగలదా? లేదనుకుంటే ప్రతి టచ్ పనికీ ఒక బటన్ జత చేసి పెట్టండి. అలాగే పక్కపక్కన కూర్చుని వైర్‌లెస్‌లో ఆడే మల్టీప్లేయర్ టీవీ మీద ఏమవుతుందో చూసుకోండి, లిబర్టీ సిటీ స్టోరీస్ పీఎస్2కి వచ్చేసరికి మల్టీప్లేయర్ అసలు లేకుండానే వచ్చింది.

సేవ్ ఫైల్: ఇక్కడే ఎక్కువ శ్రద్ధ పెట్టండి

మొదటి రోజు కొని, ఎనభై గంటలు ఆడి, మీ గేమ్ గురించి నలుగురికి చెప్పినవాళ్లే టీవీ వెర్షన్‌ని కూడా కొనే అవకాశం ఎక్కువ. వాళ్లని మళ్లీ మొదటి లెవెల్ నుంచి ఆడమంటే మనసు విరుగుతుంది. జపాన్‌లో మాన్‌స్టర్ హంటర్ డబుల్ క్రాస్ 2017లో 3డీఎస్ నుంచి స్విచ్‌కి వచ్చినప్పుడు సేవ్ డేటా తెచ్చుకునే వీలు ఇచ్చారు. రైజ్‌కి మాత్రం స్విచ్ సేవ్ ఇతర మెషిన్లకి రాలేదు, వందల గంటలు ఆడినవాళ్లు కూడా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

వేర్వేరు కంపెనీల మెషిన్ల మధ్య సేవ్ నడవాలంటే సాధారణంగా మీ సొంత సర్వర్, దానికో అకౌంట్ కావాలి, అది ప్రతి ప్లాట్‌ఫామ్ వాళ్ల నియమాలకీ ఒప్పాలి. అది పెట్టే స్తోమత ఇప్పుడు లేకపోయినా దారి మూసేయకండి. సేవ్ ఫైల్ మొదట్లోనే వెర్షన్ నంబర్ రాయండి. మెమరీలో ఉన్నదాన్ని ఉన్నట్టు ఫైల్‌లోకి కుమ్మరించకండి, ప్రతి విలువనీ పేరుతో రాయండి. సెట్టింగ్స్‌ని ప్రోగ్రెస్‌తో కలపకండి, టీవీలో బ్రైట్‌నెస్, బటన్ల అమరిక వేరుగా ఉంటాయి.

దీనికే ముడిపడి ఇంకో చిక్కు ఉంది. స్విచ్‌లో సిస్టమ్ స్థాయిలో అచీవ్‌మెంట్లు (ఆటలో సాధించినవాటికి ఇచ్చే గుర్తింపులు) లేవు. ఎక్స్‌బాక్స్‌లో బేస్ గేమ్‌కి 1000 గేమర్‌స్కోర్ పాయింట్లు అచీవ్‌మెంట్లకి పంచి ఇవ్వాలి, ప్లేస్టేషన్‌లో ట్రోఫీలు పెట్టాలి. హ్యాండ్‌హెల్డ్ వెర్షన్‌లోనే 'ఎన్ని చంపారు, ఏ దారి ఎంచుకున్నారు, ఏ బాస్‌ని దెబ్బ తినకుండా ఓడించారు' లాంటివి నిశ్శబ్దంగా లెక్కపెడుతూ ఉంటే, సేవ్ తెచ్చుకున్న రోజునే వాళ్లకి రావాల్సినవన్నీ ఇచ్చేయొచ్చు. లెక్కపెట్టకపోతే చేసిన పనికి రుజువు ఉండదు.

సర్టిఫికేషన్, కాగితాలు

సర్టిఫికేషన్ అంటే రిలీజ్‌కి ముందు కన్సోల్ కంపెనీ గేమ్‌ని తన నియమాల ప్రకారం పరీక్షించడం. నింటెండో దగ్గర దాని పేరు లాట్‌చెక్, ప్లేస్టేషన్ నియమాల పేరు టీఆర్సీ, ఎక్స్‌బాక్స్‌వి ఎక్స్‌ఆర్, ఒకదాంట్లో పాసైతే ఇంకోదాంట్లో పాసైనట్టు కాదు. బటన్లు మెషిన్‌కే అతుక్కుని ఉన్న చోట కంట్రోలర్ డిస్‌కనెక్ట్ అనే మాటే రాదు, టీవీ కన్సోల్‌లో బ్యాటరీ అయిపోయి కంట్రోలర్ ఆగిపోగానే గేమ్ పాజ్ అవ్వాలి. మధ్యలో వేరే యూజర్ సైన్ ఇన్ అయితే ఏం చేస్తారన్నది ఇంకో ప్రశ్న. స్లీప్ నుంచి లేచాక టైమర్లు, నెట్ కనెక్షన్ సరిగా ఉన్నాయో లేదో మీరు హ్యాండ్‌హెల్డ్ కోసం ఎలాగూ టెస్ట్ చేస్తారు, ఆ కష్టం మాత్రం టీవీ కన్సోళ్లలోనూ అక్కరకొస్తుంది. వయసు రేటింగ్‌కి డిజిటల్ రిలీజ్ అయితే ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ వయసు రేటింగ్ వ్యవస్థ) ప్రశ్నావళి ఒకసారి నింపితే చాలా దేశాల రేటింగ్‌లు ఒకేసారి వస్తాయి, ఆ సర్టిఫికెట్ నంబర్‌ని తర్వాత వేరే స్టోర్‌లోనూ వాడుకోవచ్చు, కంటెంట్ మార్చనంతవరకు.

ఒప్పందాలు చదవకుండా సంతకం పెట్టకండి. హ్యాండ్‌హెల్డ్ వైపు ఎవరైనా డబ్బో ప్రచారమో ఇస్తుంటే ఎక్స్‌క్లూజివ్ గడువు (వేరే మెషిన్‌లో రిలీజ్ చేయకూడని కాలం) ఎప్పుడు ముగుస్తుంది, ఆ గడువులో టీవీ వెర్షన్‌ని ప్రకటించనిస్తారా అన్నది లిఖితంగా తీసుకోండి. రెండో వైపూ చూసుకోవాలి: ఎక్స్‌బాక్స్ వాళ్లు 2013లో ఇండీ (చిన్న స్వతంత్ర టీమ్‌ల) ప్రోగ్రామ్ పెట్టినప్పుడు, వేరే కన్సోల్‌లో ముందు వచ్చేసిన గేమ్‌లకి అడ్డుపడే లాంచ్ పారిటీ నిబంధన ఉండేది, డెవలపర్లు గొడవపడ్డాక సడలించారు. ఇలాంటివి మారుతూనే ఉంటాయి, మీరు సంతకం పెట్టే నాటి కాగితంలో ఏముందో అదే లెక్క.

ఇక ప్రకటన. టీవీ వెర్షన్ ఖాయమై, చెప్పడానికి ఒప్పందం అడ్డు రాకపోతే మొదటి రోజే చెప్పేయండి. స్మాష్ రెండు వెర్షన్లనీ 2013లో ఈ3 అనే గేమింగ్ ప్రదర్శనలోనే కలిపి ప్రకటించారు, ఎవరికి ఏది కావాలో వాళ్లు ఎంచుకున్నారు. చెబితే హ్యాండ్‌హెల్డ్ అమ్మకాలు తగ్గుతాయని భయపడతారు, కొంత తగ్గుతాయి కూడా. అయినా డబ్బు పెట్టి కొన్న మనిషికి నెల తిరక్కుండానే మంచి వెర్షన్ వస్తోందని తెలిస్తే కలిగే కోపం, తర్వాతి గేమ్ దాకా ఉండిపోతుంది. కొత్తగా చేర్చే మోడ్‌లు, పాత్రలు హ్యాండ్‌హెల్డ్ మొయ్యగలిగినవైతే అక్కడికీ ఫ్రీ అప్‌డేట్‌గా ఇవ్వండి, టీవీ రిలీజ్ రోజునే. ఆ అప్‌డేట్‌ని సర్టిఫికేషన్‌కి టీవీ బిల్డ్ కంటే ఒక వారం ముందు పంపండి, తిరస్కరిస్తే సరిచేసి మళ్లీ పంపే టైమ్ ఉంటుంది.