పన్ను తీయించుకోవడం ఎలా? తీశాక ఆ గుంటను ఎలా కాపాడుకోవాలి?

పన్ను తీయడం డాక్టరు పని, గుంట మానేలా చూసుకోవడం మీ పని. ఏళ్ళ తరబడి పళ్ళు తీస్తున్నాను. మూడో రోజున దవడ పట్టుకుని తిరిగొచ్చేవాళ్ళలో చాలామంది చెడగొట్టుకునేది ఈ రెండో పనినే.

1. వెళ్ళేముందు

బీపీ, షుగర్, గుండె జబ్బు, పడని మందులు, గర్భం ఉంటే ఆ సంగతి, అన్నీ ముందే చెప్పేయండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. అంతేగానీ మీ అంతట మీరే ఆపేసి రాకూడదు. ఎముకలు గుల్లబారకుండా వాడే మందులూ దాచకండి, వాటివల్ల దవడ ఎముక సరిగా మానకపోవచ్చు.

అపాయింట్‌మెంట్ ఉదయమే తీసుకోవాలి. సాయంత్రం తీయించుకుంటే మత్తు దిగి ఏదైనా తేడా వచ్చేసరికి క్లినిక్ మూసేసి ఉంటుంది. పళ్ళు తోముకుని, తినేసి రండి. పూర్తి మత్తు ఇచ్చి తీసేటట్టయితే మాత్రం ఎంతసేపు ఖాళీ కడుపుతో ఉండాలో వాళ్ళే చెబుతారు.

2. కుర్చీలో

ఎక్స్‌రే, మత్తు ఇంజెక్షన్, మొద్దుబారేదాకా కాసేపు ఆగడం, పన్ను కదిలించి తీయడం. అంతే. మొద్దుబారాక కూడా నొక్కుతున్నట్టు, తోస్తున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. దానికి టెన్షన్ పడొద్దు. పదునైన నొప్పి తెలిస్తే మాత్రం చెయ్యెత్తండి, ఇంకాస్త మత్తు ఇస్తారు.

3. గడ్డను కాపాడుకోవడం

అసలు కథంతా ఇక్కడే ఉంది. పన్ను ఉన్న గుంటలో రక్తం నిండి, ముదురు ఎరుపులో గడ్డ కడుతుంది. కింద ఉన్న ఎముకకు, నరాలకు ఆ గడ్డే మూత. అది ఊడిపోతే ఎముక బయటపడుతుంది. దాన్నే డ్రై సాకెట్ అంటారు. పన్ను తీసిన రెండు మూడు రోజులకు, నొప్పి కాస్త తగ్గిందనుకునేసరికి, చెవిదాకా లాగే పోటు మొదలవుతుంది, నోరు వాసన వేస్తుంది, మామూలు మాత్రలకు లొంగదు. కింది దవడ పళ్ళు, ముఖ్యంగా జ్ఞానదంతాలు తీయించుకున్నవాళ్ళకూ, పొగ తాగేవాళ్ళకూ, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకూ ఈ ముప్పు ఎక్కువ.

గుంట మీద పెట్టిన గాజుగుడ్డను గట్టిగా కొరికి పట్టుకోండి. అరగంట చాలంటారు కొందరు. నేను గంట అంటాను, గంటే ఉంచండి. ఐదు నిమిషాలకోసారి తీసి అద్దంలో చూసుకుంటే అప్పుడే కడుతున్న గడ్డ గుడ్డతోపాటే వచ్చేస్తుంది. ఆ గంటసేపు ఫోన్ మాట్లాడొద్దు. గుడ్డ బదులు దూది పెట్టుకోవద్దు, పోగులు గుంటలో అంటుకుంటాయి.

ఉమ్మి వస్తే మింగేయండి. ఒక్క చుక్క రక్తం కలిసినా ఉమ్మంతా ఎర్రగా కనిపిస్తుంది. అది చూసి కంగారుపడి ఉమ్ముతారు, ఉమ్మితే గడ్డ కదిలి ఇంకాస్త రక్తం వస్తుంది, మళ్ళీ ఉమ్ముతారు. స్ట్రాతో తాగడమూ ఇంతే, పీల్చినప్పుడల్లా గడ్డ కదులుతుంది. సిగరెట్ కనీసం మూడు రోజులు ముట్టొద్దు.

24 గంటలు పుక్కిలించకూడదు. పన్ను తీయగానే గ్లాసు చేతికిచ్చి పుక్కిలించమనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఏ గడ్డ కోసం గుడ్డ కొరకమంటున్నామో దాన్నే కడిగేయమంటే ఎలా? నేను పెదవులకంటిన రక్తాన్ని తడిగుడ్డతో తుడిచి పంపిస్తాను. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి, నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, నోరు తెరిచి నీళ్ళను జారవిడవండి. తిన్న ప్రతిసారీ ఇలా వారం రోజులు చేయాలి.

ఇంకొకటి. రెండు మూడు రోజులకు గుంటలో తెల్లటి పొర కనిపిస్తుంది. చీము అనుకుని పుల్లతోనో వేలితోనో గీకేస్తారు. నొప్పి పెరగకుండా తెల్లగా ఉంటే అది మానుతున్న పుండే. దాని జోలికి పోవద్దు. లవంగ నూనె పోయడం, మాత్ర నలిపి గుంటలో పెట్టడం కూడా వద్దు, చిగురు కాలిపోతుంది.

4. మిగతావి

డాక్టరు రాసిన నొప్పి మాత్ర మత్తు పూర్తిగా దిగకముందే వేసుకోండి. మొదటి రోజు బుగ్గ మీద బయటినుంచి గుడ్డలో చుట్టిన ఐసు 20 నిమిషాలు పెట్టి, 20 నిమిషాలు తీయండి. మెత్తగా, చల్లగా ఉన్నవి తినండి, రెండోవైపు నమలండి. మత్తులో ఉన్న పెదవిని పిల్లలు కొరికేసుకుంటారు, ఓ కన్నేసి ఉంచండి. వాపు రెండు మూడు రోజులు పెరిగి తగ్గుతుంది.

5. ఎప్పుడు తిరిగి వెళ్ళాలి?

రక్తం మళ్ళీ వస్తే శుభ్రమైన గాజుగుడ్డ తడిపి, పిండి, అరగంట కొరికి పట్టుకోండి. అయినా ఆగకపోతే ఫోన్ చేసి బయల్దేరండి. జ్వరం వచ్చినా, నాలుగో రోజు కూడా వాపు పెరుగుతున్నా ఆగొద్దు. మింగడానికో ఊపిరి తీసుకోవడానికో ఇబ్బందైతే నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. డ్రై సాకెట్ అనిపిస్తే సొంతంగా యాంటిబయాటిక్ కొని మింగకండి, దానితో ఆ నొప్పి పోదు. గుంట కడిగి మందు డ్రెస్సింగ్ పెడితే చాలామందికి ఆ రోజే నొప్పి తగ్గుముఖం పడుతుంది. ఓర్చుకుంటూ ఇంట్లో కూర్చోకుండా వెంటనే వెళ్ళి పెట్టించుకోండి.