సైన్స్ చదవని డిగ్రీతో అమెరికాలో మెడికల్ స్కూల్‌కి ఎలా తయారవ్వాలి?

అమెరికాలో మెడికల్ స్కూల్ డిగ్రీ తర్వాతే మొదలవుతుంది. ఆ డిగ్రీ ఎకనామిక్స్‌లో చేశారా, చరిత్రలోనా, సంగీతంలోనా అన్నది అడ్డంకి కాదు. కావలసిన సైన్స్ కోర్సులు పూర్తయి ఉంటే చాలు. మళ్లీ నాలుగేళ్ల డిగ్రీ చదవాలేమో అన్న టెన్షన్ అక్కర్లేదు గానీ, రెండు మూడేళ్లు పడుతుందని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

1. ముందు రోగుల దగ్గరికి వెళ్లండి

కోర్సులకు ఫీజు కట్టకముందే ఈ పని చేయాలి. డాక్టర్ వెంట తిరిగి చూడటాన్ని షాడోయింగ్ అంటారు. మంచిదే, కానీ అందులో మీరు గోడ పక్కన నిలబడి చూస్తారు, అంతే. ఆసుపత్రిలో వాలంటీర్‌గా వీల్‌చైర్ తోయడమో, స్క్రైబ్‌గా డాక్టర్ పక్కన కూర్చుని కేసు వివరాలు టైప్ చేయడమో మొదలుపెడితే అసలు సంగతి తెలుస్తుంది. కొన్ని నెలల తర్వాత కూడా వెళ్లాలనిపిస్తుంటే తర్వాతి అడుగు వేయండి.

2. కెమిస్ట్రీతో మొదలుపెట్టండి

మామూలుగా అడిగేవి బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్. ఒక్కొక్కటి ఏడాది పాటు, ల్యాబ్‌తో సహా. ఆపైన బయోకెమిస్ట్రీ ఒక సెమిస్టర్. స్కూలు స్కూలుకీ తేడాలుంటాయి, కాబట్టి మీరు అనుకున్న స్కూళ్ల జాబితాలు ముందే చూసుకోండి.

మీకు ఎంతకాలం పడుతుందో తేల్చేది కెమిస్ట్రీయే. జనరల్ అయితే గానీ ఆర్గానిక్‌కి రానివ్వరు, ఆర్గానిక్ కాకుండా బయోకెమిస్ట్రీకి సాధారణంగా రానివ్వరు. అందుకే మొదటి సెమిస్టర్‌లోనే జనరల్ కెమిస్ట్రీ తీసుకోండి. ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తూ ఆర్గానిక్, ఫిజిక్స్ ఒకేసారి పెట్టుకోవడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే.

ఈ కోర్సులన్నీ ఒకేచోట చెప్పే పోస్ట్‌బాక్ ప్రోగ్రాములున్నాయి. బ్రిన్ మార్, గౌచర్, జాన్స్ హాప్‌కిన్స్ లాంటివి ప్రత్యేకంగా కెరీర్ మార్చుకునేవాళ్ల కోసమే. ఖర్చు ఎక్కువ. దగ్గర్లోని యూనివర్సిటీలో విడిగా కోర్సులు తీసుకున్నా పని జరుగుతుంది. సొంతంగా ప్లాన్ వేసుకోగలిగితే నేను రెండో దారికే ఓటేస్తాను.

3. సైన్స్ జీపీఏని కాపాడుకోండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఎక్కువ స్కూళ్లకు దరఖాస్తు వెళ్లేది ఆమ్‌కాస్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా. అందులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కల మార్కులతో విడిగా ఒక జీపీఏ కడతారు. మీకు ఆ కోర్సులు తక్కువ కాబట్టి ఒక్క తప్పు కూడా గట్టిగా కనిపిస్తుంది. 40 క్రెడిట్లలో 36 ఎ గ్రేడుతో చేసి, నాలుగు క్రెడిట్ల కోర్సు ఒకదానిలో సి తెచ్చుకుంటే 4.0 కాస్తా 3.8 అవుతుంది. 80 క్రెడిట్లున్న సైన్స్ విద్యార్థికి అదే సి వల్ల 3.9 మిగులుతుంది. కోర్సు మళ్లీ చేసినా పాత గ్రేడు పోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. ఒక సెమిస్టర్ ఆలస్యమైనా ఫర్వాలేదు, సి మాత్రం వద్దు.

4. ఎమ్‌క్యాట్

ఇది మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష. నాలుగు సెక్షన్లు, 230 ప్రశ్నలు, విరామాలతో కలిపి ఏడున్నర గంటలు. స్కోరు 472 నుంచి 528 మధ్య వస్తుంది. ఇందులో కార్స్ అనే సెక్షన్‌కి సైన్స్ అక్కర్లేదు. 90 నిమిషాల్లో పేరాలు చదివి 53 ప్రశ్నలకు జవాబివ్వాలి. సాహిత్యమో తత్వశాస్త్రమో చదివినవాళ్లకు ఇది ఇంటి వంట లాంటిది.

కాలిక్యులేటర్ ఇవ్వరు. 0.00034ని 6.2తో హెచ్చించమంటే, వాళ్లిచ్చే నోట్‌బోర్డు మీద మార్కర్‌తో మీరే చేసుకోవాలి. అందుకని ప్రాక్టీస్ మొదటి రోజు నుంచే ఫోన్ పక్కన పెట్టేయండి. జీవితం మొత్తంలో ఏడుసార్లే రాయనిస్తారు, రాసిన స్కోర్లన్నీ స్కూళ్లకు కనిపిస్తాయి. 'ఊరికే ఒకసారి రాసి చూద్దాం' అనుకోకండి.

5. దరఖాస్తు

ఆమ్‌కాస్ మే నెలలో తెరుచుకుంటుంది. అప్పుడు పెడితే చేరేది మరుసటి ఏడాది. సిఫార్సు లేఖల్లో సైన్స్ ప్రొఫెసర్లవి ఉండాలి, కాబట్టి వందల మంది క్లాసులో వెనక బెంచీ వదిలి వాళ్ల ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. వ్యాసానికి ఖాళీలతో కలిపి 5,300 అక్షరాలే చోటు. ఆ చోటంతా పాత డిగ్రీకి సంజాయిషీ చెప్పుకోవడానికి వాడకండి. వార్డులో మీరు చూసిన ఒక మనిషి గురించి రాయండి.