నడుము నొప్పి పెన్షన్ కేసు కొట్టేశారా? తిరిగి నిలబెట్టుకోవడం ఎలా?

నడుములో డిస్క్ జారి సైన్యం నుంచి బయటికొచ్చిన జవానుకు డిజెబిలిటీ పెన్షన్ ఇవ్వకపోవడమే పెద్ద దెబ్బ. దాని మీద సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్తే, 'గడువు దాటింది' అని కేసు కొట్టేయడం ఇంకో దెబ్బ. చాలామంది అక్కడితో ఆశ వదిలేసుకుంటారు. వదలొద్దు. అలాంటి ఆర్డర్‌లో మీ నడుము గురించి ఎవరూ ఏమీ తేల్చలేదు.

ముందు ఆర్డర్ చివరి పేరాలు చదవండి. మెడికల్ బోర్డు అభిప్రాయాన్ని చర్చించి కాదన్నారంటే అది వేరే పోరాటం. వాయిదాకు రాలేదనో, ముందు డిపార్ట్‌మెంట్‌లో అప్పీల్ వేయలేదనో, ఆలస్యమైందనో కొట్టేస్తే ఈ కింది దారులు చూడండి.

1. వాయిదాకు ఎవరూ రాలేదంటే, కేసును తిరిగి తెరవమని వెంటనే దరఖాస్తు వేయించండి. రాలేకపోయిన కారణానికి ఆస్పత్రి చీటీలాంటి రుజువు జత చేయాలి.

2. అప్పీల్ వేయకుండా నేరుగా వెళ్లారంటే, ఇప్పుడు వేయండి. ట్రిబ్యునల్ చట్టం (2007) 21వ సెక్షన్ అడిగేది అదే. జవాబు కోసం ఏళ్ల తరబడి కూర్చోనక్కర్లేదు. జనవరి 10న అప్పీల్ అందిందనుకోండి, జులై 10 దాకా జవాబు రాకపోతే ఆ తర్వాతి ఆరు నెలల్లో కేసు వేయొచ్చు. ఈలోపే తిరస్కరణ వస్తే, ఆ ఉత్తర్వు నుంచి ఆరు నెలలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకు చెన్నై బెంచ్.

3. ఆలస్యం విషయంలోనే అసలు జాగ్రత్త కావాలి. ఆలస్యాన్ని మన్నించమని వేసే దరఖాస్తులో 'తెలియక' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఏ ఏడాది ఏం జరిగిందో, ఎవరికి ఉత్తరం రాశారో తేదీలతో రాయండి. తర్సేమ్ సింగ్ కేసు తప్పక చూపించండి. ఆయన 1983లో అనారోగ్యంతో సైన్యం నుంచి బయటికొచ్చి 1999లో హైకోర్టుకు వెళ్లారు. నెలనెలా రావాల్సిన పెన్షన్ రాకపోవడం కొనసాగుతున్న అన్యాయమని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. బకాయిలు మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేసింది. అంటే ఇంకా ఆగితే పోయేది మీ డబ్బే. ఆలస్యం పేరుతో ఇప్పటికే కొట్టేసి ఉంటే, ట్రిబ్యునల్‌నే ఆర్డర్ మళ్లీ చూడమని రివ్యూ వేయాలా, హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలా అన్నది లాయరుతో ఈ వారమే మాట్లాడండి.

కేసు మళ్లీ తెరిచాక నడుమే మాట్లాడాలి. సైన్యం నుంచి పంపేటప్పుడు మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ల బోర్డు (రిలీజ్ మెడికల్ బోర్డు) కాగితం, అంటే ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 ఫారం తీయండి. దగ్గర లేకపోతే ఆర్టీఐ కింద రికార్డ్ ఆఫీసును అడగండి. అందులో వైకల్యం ఎంత శాతమో, అది సర్వీసు వల్ల వచ్చిందా లేదా అన్న గడిలో ఏం రాశారో చూడండి. 'సర్వీసుతో సంబంధం లేదు' అని మాత్రమే రాసి, కారణం చెప్పకపోతే గట్టిగా పట్టుకోండి. చేరేటప్పుడు నడుము సమస్య ఉన్నట్టు నమోదు కాకపోతే, ఆరోగ్యంగానే చేరినట్టు భావించాలని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కాదని చూపించాల్సిన బాధ్యత సైన్యానిదే.

నిన్న తీయించిన ఎమ్ఆర్ఐ కన్నా, సర్వీసులో ఉండగా మిలిటరీ ఆస్పత్రి ఇచ్చిన పాత డిశ్చార్జ్ స్లిప్పే ఎక్కువ పనికొస్తుంది.

అప్పీల్ స్పీడ్ పోస్టులో పంపిన రోజే రసీదు జిరాక్స్ తీయించండి. అసలు రసీదు మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, గడువు లెక్కకు అదే సాక్ష్యం.