చాట్‌లోంచే సర్వర్ల కాపలా - 3: రీస్టార్ట్ కొట్టేముందు

పోయిన పాఠంలో ఎర్‌బాట్ (పైథాన్‌లో రాసిన చాట్ బాట్, గ్రూపులో కొట్టిన కమాండ్ చదివి పని చేసిపెడుతుంది) ఎక్కించి, గ్రూపులో "!స్టేటస్ బిల్లింగ్" అని కొడితే సర్వర్ బతికుందో లేదో చెప్పించాం కదా. అది ఊరికే చూడటం, ఎవరు కొట్టినా నష్టం లేదు. ఈసారి రీస్టార్ట్.

ముందు నా గోల వినండి. నెల్లూరులో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీలో ఉన్నప్పుడు, తుఫాను వానకి కరెంటు వస్తూ పోతూ ఉన్న ఓ రాత్రి బిల్లింగ్ ఆగిపోయింది. నేను ఇంటి నుంచి లాగిన్ అయి రీస్టార్ట్ కొట్టా. ఒంగోలులో ఉన్న మా సీనియర్ కూడా అదే నిమిషంలో కొట్టాడు, ఆయన నాకు చెప్పలా, నేను ఆయనకి చెప్పలా. సగం లేచిన డేటాబేస్ మళ్లీ కూలబడింది. తెల్లారేసరికి కావలి నుంచి డ్రైవర్ ఫోన్: "అన్నా, బిల్లు లేకుండా బండి ఎట్టా కదిలేది?"

ఇద్దరం గ్రూపులోనే కొట్టుంటే ఒకడు చేసేది ఇంకొకడికి కనపడేది. సర్వర్ల పనులు ఇలా అందరికీ కనపడే చాట్‌లోంచే చేయడాన్ని చాట్‌ఆప్స్ అంటారు, నన్నడిగితే అదంతా ఇంతే. గిట్‌హబ్ వాళ్లు హ్యూబాట్ అనే తమ చాట్ బాట్‌ని 2011లో ఓపెన్ సోర్స్ చేశారు, అప్పట్లో అది కాఫీస్క్రిప్ట్ అనే భాషలో ఉండేది. మనకి పైథాన్ వచ్చు కాబట్టి ఎర్‌బాట్ పట్టుకున్నాం.

ఇక పని. కనపడితే చాలదు, తాళం కూడా వేయాలి. కమాండ్ రాగానే సర్వీస్ పేరుతో ఒక ఫైల్ పెట్టండి, అందులో ఎవరు కొట్టారో, టైమ్ ఎంతో రాయండి. ఫైల్ ఉందా అని ముందు చూసి, లేకపోతే పెట్టడం తప్పు, ఆ రెండింటి మధ్యలో ఇంకొకడు దూరతాడు. పైథాన్ ఓపెన్‌లో 'ఎక్స్' మోడ్ వాడితే ఫైల్ అప్పటికే ఉంటే ఎర్రర్ వస్తుంది, ఆ ఎర్రర్ పట్టుకుని గ్రూపులో ఇలా చెప్పించండి:

"బిల్లింగ్ రీస్టార్ట్ అవుతోంది. కొట్టింది సీనియర్, 11:42. ఆగు."

పని అయ్యాక ఫైల్ తీసేయడం పైథాన్ 'ఫైనల్లీ'లో పెట్టండి, మధ్యలో ఎర్రర్ వచ్చినా అది నడుస్తుంది. అయినా మధ్యలో కరెంటు పోతే తాళం అట్టే మిగిలిపోతుంది, అందుకే ఆ ఫైల్‌ని లినక్స్‌లో స్లాష్ రన్ (/run) అనే ఫోల్డర్ కింద పెట్టుకోండి, మెషీన్ మళ్లీ లేస్తే అక్కడివన్నీ పోతాయి.

ఇంకోటి, చాట్‌లో వచ్చిన మాటని షెల్‌కి (సర్వర్‌లో కమాండ్లు నడిపేదానికి) తిన్నగా ఇవ్వొద్దు. ముందే రాసిపెట్టిన సర్వీస్ పేర్లలో ఉంటేనే నడపండి. ఎర్‌బాట్ కాన్ఫిగ్‌లో యాక్సెస్ కంట్రోల్స్ (ఏ కమాండ్ ఎవరు, ఎక్కడ కొట్టొచ్చో చెప్పే సెట్టింగ్) దగ్గర ఈ కమాండ్‌కి ప్రైవేట్ చాట్ ఆపేయండి, లేకపోతే చాటుగా కొట్టేవాడు మళ్లీ తయారవుతాడు.

హోంవర్క్: టెస్ట్ మెషీన్‌లో రీస్టార్ట్ బదులు 20 సెకన్ల స్లీప్ పెట్టి, రెండు ఫోన్ల నుంచి ఒకేసారి కొట్టి చూడండి. ఆగమని రెండోదానికే రావాలి.