ఫిక్స్‌డ్ డీల్ ముగిసేలోపు: ట్రాకరా, మళ్లీ ఫిక్సా?

బ్రిటన్‌లో ఇల్లు కొన్న మనవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది, ఇప్పుడున్న ఫిక్స్‌డ్ డీల్, అంటే కొన్నేళ్లపాటు వడ్డీ మారని ఒప్పందం, ఏ తేదీతో ముగుస్తుందో. ఆ తేదీ దాటితే బ్యాంకు మిమ్మల్ని తన స్టాండర్డ్ వేరియబుల్ రేటులోకి, అంటే బ్యాంకే ఎప్పుడైనా మార్చగల మామూలు వడ్డీలోకి మార్చేస్తుంది. డీల్స్‌లో దొరికే రేట్లతో పోలిస్తే అది సాధారణంగా బాగా ఎక్కువ. చాలా బ్యాంకులు నాలుగు నుంచి ఆరు నెలల ముందే కొత్త రేటు పట్టి ఉంచుకోనిస్తాయి. ఆలోగా ఇంకా మంచిది దొరికితే చాలాసార్లు మార్చుకోవచ్చు కూడా. కాబట్టి ముందే ఒకటి పట్టి ఉంచుకోండి.

ఇండియాలో హోమ్ లోన్ కట్టిన అలవాటుతో ఇక్కడి లెక్క వేయకండి. అక్కడ రెపో రేటు పెరిగితే చాలాసార్లు ఈఎంఐ అలాగే ఉండి, కట్టాల్సిన నెలలు పెరుగుతాయి. ఇక్కడ ట్రాకర్ అంటే బేస్ రేటు (బ్రిటన్ కేంద్ర బ్యాంకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నిర్ణయించే వడ్డీ, మన రెపో రేటు లాంటిది) మీద ఇంత శాతం అదనం అని. బేస్ రేటు పెరిగితే గడువు సాగదు, వాయిదాయే పెరుగుతుంది. 2021 డిసెంబరు మొదట్లో 0.1 శాతం ఉన్న బేస్ రేటు 2023 ఆగస్టుకి 5.25 శాతానికి చేరింది. రెండేళ్లు కూడా పట్టలేదు. 25 ఏళ్లకు తీసుకున్న 2 లక్షల పౌండ్ల అప్పుకి 4 శాతం వడ్డీ అయితే నెలకు సుమారు 1,056 పౌండ్లు, 6 శాతం అయితే 1,289. ఆ తేడా 233 పౌండ్లు నర్సరీ ఫీజు, కౌన్సిల్ ట్యాక్స్ కట్టాక మీ దగ్గర మిగులుతాయా? ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసి చూసుకోండి. మిగలకపోతే ట్రాకర్ జోలికి వెళ్లొద్దు.

రేట్లు తగ్గుతాయని అందరూ అంటున్నారు కదా, ఆగుదాం అనుకునేవాళ్లకు ఒక మాట. ఫిక్స్‌డ్ రేట్లు బేస్ రేటు తగ్గేదాకా ఆగవు, మార్కెట్ అంచనాలతోనే కదులుతాయి. తగ్గుతుందన్న నమ్మకం చాలావరకు ఈరోజు రేటులోనే కలిసి ఉంటుంది. 2022 సెప్టెంబరు 23న బ్రిటన్ ప్రభుత్వం పన్ను కోతలతో మినీ బడ్జెట్ ప్రకటించాక మార్కెట్లో వడ్డీలు ఎగిసి, కొద్ది రోజుల్లోనే బ్యాంకులు వందల డీల్స్ వెనక్కి తీసుకున్నాయి. చూద్దాంలే అని ఆగినవాళ్లు పడ్డ టెన్షన్ నేను దగ్గరగా చూశాను.

అలాగని ఫిక్స్‌డ్ అందరికీ క్షేమం కాదు. ఇండియాలో ఫ్లోటింగ్ హోమ్ లోన్ ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉండదు. ఇక్కడ ఫిక్స్‌డ్ డీల్ మధ్యలో తీర్చేస్తే ఛార్జి పడుతుంది. అది మిగిలిన అప్పులో 1 నుంచి 5 శాతం దాకా ఉండొచ్చు. 2 లక్షల మీద 5 శాతం అంటే 10,000 పౌండ్లు! సాధారణంగా ఏడాదికి 10 శాతం వరకే అదనంగా కట్టనిస్తారు. ఊళ్లో ప్లాటు అమ్మి ఆ డబ్బు ఇక్కడ కట్టాలనుకునేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

మేము ఐదేళ్లకు ఫిక్స్ చేసుకున్నాం. మూడో ఏట ఉద్యోగం వేరే ఊరికి మారింది. అదే మార్ట్‌గేజ్‌ని (ఇంటి అప్పుని) కొత్త ఇంటికి తీసుకెళ్లొచ్చని కాగితాల్లో ఉంది. కానీ బ్యాంకు మా ఆదాయం, ఖర్చులు మళ్లీ మొదటి నుంచీ చూసింది. అప్పటికి మా ఇంట్లో జీతం ఒక్కటే. ఆ రెండు నెలలూ నిద్ర లేదు. అందుకే రెండేళ్లలో ఊరు మారతామో, పెద్ద మొత్తం చేతికొస్తుందో అనిపిస్తే, ముందే తీర్చినా ఛార్జి లేని ట్రాకర్ చూడమంటాను. ఛార్జి ఉన్న ట్రాకర్లూ ఉన్నాయి, అడిగి తెలుసుకోండి. బేస్ రేటు ఎంత తగ్గినా మీ వడ్డీ ఇంతకంటే దిగదన్న షరతు ఉందేమో కూడా చూడండి.

ఇక డీల్ ఇచ్చేందుకు బ్యాంకు తీసుకునే ఫీజు సంగతి. 1 లక్ష పౌండ్ల అప్పుకి 999 పౌండ్ల ఫీజు కడితే, రెండేళ్ల డీల్‌లో అది ఏడాదికి దాదాపు అర శాతం వడ్డీతో సమానం. అప్పు చిన్నదైతే ఫీజు లేని డీల్ రేటు కొంచెం ఎక్కువున్నా అదే చవక కావచ్చు. ఫీజుని అప్పులో కలిపేస్తే దాని మీదా వడ్డీ కడతారు.

సంతకం పెట్టే ముందు, డీల్ మధ్యలో వదిలేస్తే ఏ ఏడాదికి ఎన్ని పౌండ్లు కట్టాలో బ్రోకర్‌ని రాతపూర్వకంగా అడగండి. శాతాల్లో కాదు, పౌండ్లలో.