ఉద్యోగం మారే ముందు జాగ్రత్తలు

- ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా పంపండి. ఫోన్‌లో ఇచ్చిన మాట చాలదు. లెటర్‌లో జీతం మొత్తం అంకె ఒక్కటే చూసి సంబరపడకండి. నెలనెలా ఖాతాలో పడేదెంత, పనితీరును బట్టి ఇచ్చేదెంత అని విడదీసి కాగితం మీద రాసుకోండి. రెండోది రాకపోయినా ఇల్లు గడుస్తుందా? ముందు అది తేల్చుకోండి.

- నోటీసు పీరియడ్ (రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన రోజులు), బాండ్ (ఇంతకాలం ఉంటామని కంపెనీకి రాసిచ్చిన ఒప్పందం) షరతులు మళ్లీ చదవండి.

- కనీసం 3 నెలల ఖర్చులకు డబ్బు పక్కన ఉండాలి.

- "ఎందుకు మారుతున్నాను?" ఒక్క వాక్యంలో రాయండి. మేనేజర్ మీద కోపం తప్ప ఇంకేమీ రాకపోతే ఓ వారం ఆగండి. ఆ కోపంలో, కొత్త చోట ఏం నేర్చుకుంటామన్న ఆలోచనే రాదు.

- ఆఫీసు లాగిన్ ఆగిపోకముందే పేస్లిప్పులు దాచుకోండి. కంపెనీ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు.